స్థానిక సేవలపై మంత్రిని సభలో ప్రశ్నించే పద్ధతి: కొత్త శాసనసభ్యులకూ, వారి కార్యాలయ సిబ్బందికీ

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు రావడం లేదన్నా, రోడ్డు పని సగంలో ఆగిపోయిందన్నా, కుళాయి బిగించారు కానీ నీళ్లు రావడం లేదన్నా ప్రజలు ముందుగా వచ్చేది తమ శాసనసభ్యుని దగ్గరికే. ఆ ఫిర్యాదును అధికారికి ఫోన్ చేసి చెప్పవచ్చు, పత్రికా సమావేశంలో చెప్పవచ్చు, సభలో ప్రశ్నగానూ అడగవచ్చు. అయితే మంత్రి తన శాఖ తరఫున బాధ్యత వహిస్తూ ఇచ్చే సమాధానం, తేదీతోనూ సంఖ్యతోనూ ముద్రితమై రికార్డులో నిలిచే సమాధానం, సభలో అడిగిన ప్రశ్నకే లభిస్తుంది. రాష్ట్ర మంత్రిమండలి విధానసభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగంలోని 164వ అధికరణం చెబుతోంది. ఆ బాధ్యత ఒక ఊరి ఆసుపత్రి దాకా, ఒక వీధి కుళాయి దాకా చేరడానికి ప్రశ్నోత్తరాల సమయం కన్నా సూటి అయిన మార్గం లేదు.

ఈ హక్కు మనకు ఒక్కసారిగా రాలేదు. 1892 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం ప్రశ్న అడగడానికి వీలు కల్పించింది కానీ, వచ్చిన సమాధానంపై మరో మాట అడిగే వీలు ఇవ్వలేదు. 1909 సంస్కరణలతో మూల ప్రశ్న వేసిన సభ్యునికి మాత్రమే అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం దక్కింది. ఇతర సభ్యులకు కూడా ఆ అవకాశం 1919 చట్టం తరువాతే వచ్చింది. అనుబంధ ప్రశ్నను ఇవ్వడానికి నాటి పాలకులు అంతగా వెనుకాడారంటే దాని బలం ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఆ బలాన్ని సవ్యంగా వాడుకోవాలంటే సభలో మాట్లాడే రెండు నిమిషాల కన్నా ముందు చేసే పనికీ, తరువాత చేసే పనికీ ఎక్కువ సమయం కేటాయించాలి. ఈ వ్యాసంలో కూడా ఆ రెండు పనులకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న రాయడానికి ముందు

ఫిర్యాదును విన్న రూపంలోనే ప్రశ్నగా మార్చడం మంచిది కాదు. ఆసుపత్రిలో డాక్టరే లేరని ఊరివారు చెప్పినప్పుడు వారి బాధ నిజమే అయి ఉంటుంది, కానీ రికార్డు ప్రకారం పరిస్థితి మరోలా ఉండవచ్చు. పోస్టు మంజూరై ఖాళీగా ఉండవచ్చు, పోస్టులో ఉన్న వైద్యుడు డిప్యుటేషన్‌పై వేరేచోట పనిచేస్తూ ఉండవచ్చు, లేదా పక్క మండలం నుంచి ఒక వైద్యుడు వారానికి రెండు రోజులు వచ్చి వెళ్తూ ఉండవచ్చు. ఈ మూడింటికీ కారణాలు వేరు, పరిష్కారాలు వేరు, అడగవలసిన ప్రశ్నలు కూడా వేరు. కాబట్టి ముందుగా ఆ చోటికి స్వయంగా వెళ్లి చూడాలి. అది కూడా ముందస్తు కబురు లేకుండా, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చూడాలి. చూసినదాన్ని తేదీ, సమయంతో సహా రాసి పెట్టుకోవాలి. అక్కడి సిబ్బంది చెప్పే మాటలను కూడా అంతే శ్రద్ధగా వినాలి, ఎందుకంటే మందుల సరఫరా ఎక్కడ ఆగిందో, జీతం ఎన్ని నెలలుగా రాలేదో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

తరువాత సంబంధిత జిల్లా అధికారికి ఒక లేఖ రాయాలి. చాలా సమస్యలు ఈ దశలోనే తీరిపోతాయి, అలా తీరిపోతే సభలో అడిగే అవకాశం మరో ఊరి కోసం మిగులుతుంది. తీరకపోతే లేఖ తేదీ, దానికి వచ్చిన జవాబు లేదా జవాబు రాకపోవడం సభలో ఉపయోగపడతాయి. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశంలో ఆ విషయం చర్చకు వచ్చి ఉంటే దాని మినిట్స్ తీసుకోవాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే సాధారణంగా 30 రోజుల్లోగా సమాచారం ఇవ్వాలి కనుక, సమావేశాలు మొదలుకావడానికి కనీసం రెండు నెలల ముందే ఆ దరఖాస్తులు వేయించడం మేలు. ఈ పత్రాలన్నింటినీ ఒక్కొక్క సేవకు ఒక్కొక్క ఫైలుగా పెట్టుకున్న కార్యాలయానికి సమావేశాల ముందు హడావుడి ఉండదు.

ప్రభుత్వం తనకు తానుగా అంగీకరించిన ప్రమాణాలను కూడా ఈ ఫైలులో చేర్చాలి. మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. ఉపకేంద్రానికి ఆ సంఖ్యలు 5,000, 3,000. 2009 నాటి విద్యా హక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలని చెబుతోంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం గ్రామీణ కుటుంబంలోని ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్ల నీరు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, మరో వనరు లేనిచోట 1.5 మిల్లీగ్రాములను మించరాదనీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. సభ్యుడు ‘సరిపోవడం లేదు’ అంటే అది ఒక అభిప్రాయంగా మిగిలిపోతుంది, ప్రభుత్వ ప్రమాణాన్ని పక్కన పెట్టి అడిగితే తేడా ఎందుకు వచ్చిందో మంత్రే వివరించవలసి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రశ్నలను తయారుచేసి చేతికిచ్చేవారు కూడా ఉంటారు. వారిలో నిజమైన బాధితులు ఉంటారు, టెండరు దక్కని కాంట్రాక్టర్లూ, ఒక అధికారి బదిలీని కోరుకునేవారూ ఉంటారు. ప్రశ్న వెనుక ఎవరి ప్రయోజనం ఉందో విచారించకుండా సంతకం చేయకూడదు. డబ్బు తీసుకుని ప్రశ్నలు అడిగారన్న ఆరోపణపై 2005 డిసెంబరులో పార్లమెంటు 11 మంది సభ్యులను బహిష్కరించింది, ఆ నిర్ణయం చెల్లుతుందని 2007లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అడిగే విషయంలో తనకో, తన కుటుంబానికో వ్యాపార సంబంధం ఉంటే ఆ ప్రశ్నను వదులుకోవడం ఉత్తమం.

ఏ మంత్రిని అడగాలి

ఈ చిన్న విషయంలో పొరపాటు జరిగితే ప్రశ్న వేరే శాఖకు బదిలీ అయి, ఆ రోజు జాబితాలోంచి తప్పిపోతుంది. పక్కపక్కనే ఉన్న రెండు రోడ్లలో ఒకటి రోడ్లు, భవనాల శాఖదీ, రెండోది పంచాయతీరాజ్ శాఖదీ కావచ్చు. పట్టణంలోకి అడుగుపెట్టగానే అదే రోడ్డు పురపాలక సంఘం పరిధిలోకి మారవచ్చు. జాతీయ రహదారి అయితే అది కేంద్ర ప్రభుత్వ విషయం, అక్కడ పార్లమెంటు సభ్యుని సాయం తీసుకోవాలి. పాఠశాల భవనానిది ఒక శాఖ, గిరిజన వసతి గృహానిది మరొక శాఖ. రోడ్డు ఎవరిదో తేల్చుకోవడానికి కిందటి సారి దానిపై డబ్బు ఖర్చు చేసినది ఏ శాఖో కనుక్కోవడం అన్నిటికన్నా సులువైన దారి.

పంచాయతీలు, పురపాలక సంఘాలు తమ పరిధిలో తీసుకున్న నిర్ణయాలను గురించి అడిగితే, అది నేరుగా ప్రభుత్వ బాధ్యత కాదన్న కారణంతో ప్రశ్నను తిరస్కరించే అవకాశం ఉంది. అప్పుడు ప్రశ్నను ప్రభుత్వం చేతిలో ఉన్న అంశం వైపు తిప్పాలి: ఆ స్థానిక సంస్థకు ఎంత నిధి ఎప్పుడు విడుదలైంది, అక్కడ ప్రభుత్వం నియమించవలసిన సిబ్బంది ఎందరు, ప్రభుత్వం ఇచ్చిన ఆదేశాలు ఏవి. ఉదాహరణకు 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంట్లను రాష్ట్రం తన చేతికి అందిన 10 పని దినాల్లోగా స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి. కాబట్టి ‘మా పంచాయతీలో వీధి దీపాలు ఎందుకు వెలగడం లేదు’ అని కాకుండా, ఆ గ్రాంటు రాష్ట్రానికి అందిన తేదీ ఏది, పంచాయతీ ఖాతాకు చేరిన తేదీ ఏది అని అడిగితే వీధి దీపాల వెనుక ఉన్న అసలు కారణం బయటపడే అవకాశం ఉంటుంది.

ప్రశ్నను రాయడం

అన్ని దశల్లోనూ ఎక్కువ శ్రద్ధ కోరే పని ఇదే. సభ్యులు సాధారణంగా రాసే ప్రశ్న ఈ విధంగా ఉంటుంది: ‘(అ) మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మూడేళ్లుగా డాక్టర్లు లేక పేద ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్న మాట వాస్తవమేనా, (ఆ) అయితే, ఈ నిర్లక్ష్యానికి కారణాలేమిటి, (ఇ) ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?’ ఈ ప్రశ్నలో ఆవేదన ఉంది, న్యాయం కూడా ఉంది. అయినా దీనికి ‘(అ) కాదండి. (ఆ), (ఇ) ఉత్పన్నం కావు’ అన్న ఒక్క పంక్తి సమాధానం వస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

ఎందుకలా అవుతుందో గమనించాలి. వారానికి రెండు రోజులు వచ్చే వైద్యుడు ఒకరు ఉన్నా ‘డాక్టర్లు లేరు’ అన్న మాట అక్షరాలా నిజం కాదు. మూడేళ్లు అన్నచోట రికార్డులో రెండేళ్ల పది నెలలే ఉంటే అదీ నిజం కాదు. మొదటి భాగంలో ఒక్క వివరం తప్పినా ‘కాదండి’ అని చెప్పే వీలు శాఖకు కలుగుతుంది. తక్కిన భాగాలన్నీ ‘అయితే’ అన్న మాటతో మొదటిదానికి వేలాడుతున్నాయి కనుక మొదటిది తెగగానే అన్నీ కలిసి పడిపోతాయి. పైగా ‘నిర్లక్ష్యం’ అన్నది సభ్యుని నిర్ధారణ. వాదనలు, నిర్ధారణలు, ఎత్తిపొడుపులు, ఆరోపణలు ప్రశ్నలో ఉండరాదని లోక్‌సభ నియమాల్లోని 41వ నియమం స్పష్టంగా చెబుతోంది, రాష్ట్ర శాసనసభల నియమాలు కూడా ఇదే ధోరణిలో ఉంటాయి.

అదే విషయాన్ని ఈ విధంగా అడగవచ్చు: ‘(అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మంజూరైన వైద్యులు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టుల పోస్టులు ఎన్ని, వాటిలో ఏప్రిల్ 1 నాటికి రెగ్యులర్‌గా, కాంట్రాక్టుపై, డిప్యుటేషన్‌పై పనిచేస్తున్నవారు ఎందరెందరు, (ఆ) ఒక్కొక్క ఖాళీ ఏ తేదీ నుంచి ఉంది, (ఇ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆ కేంద్రంలో జరిగిన కాన్పులు, నమోదైన ఔట్ పేషెంట్లు ఏడాదివారీగా ఎందరు, (ఈ) ఖాళీల భర్తీకి జారీ చేసిన, లేదా జారీ చేయబోయే నోటిఫికేషన్ తేదీ ఏది, (ఉ) అప్పటివరకు రాత్రివేళ అత్యవసర సేవలకు చేసిన ఏర్పాట్లు ఏమిటి?’ ఈ ప్రశ్నలో ఏ భాగమూ మరో భాగంపై ఆధారపడలేదు. ‘అవునండి’, ‘కాదండి’ అని తప్పించుకునే చోటు కూడా లేదు. కాన్పుల సంఖ్య ఏటేటా పడిపోతున్నట్లు సమాధానంలోనే కనిపిస్తే, ప్రజల ఇబ్బందిని సభ్యుడు విశేషణాలతో వర్ణించనక్కరలేదు.

పనుల విషయంలో దశలను విడదీసి అడగాలి. రోడ్డు గాని, మంచినీటి ట్యాంకు గాని పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం, పని ప్రారంభం, బిల్లుల చెల్లింపు అన్న మెట్లు ఎక్కుతూ పోతుంది. ‘పని మంజూరైంది’ అన్న సమాధానం మొదటి మెట్టు మీద ఉన్న పనికీ వర్తిస్తుంది, చివరి మెట్టు మీద ఉన్న పనికీ వర్తిస్తుంది. అందువల్ల ప్రతి దశ ఏ తేదీన పూర్తయిందో అడగాలి. డబ్బు విషయంలో కూడా కేటాయింపు, విడుదల, వ్యయం అన్నవి మూడు వేర్వేరు అంకెలు. బడ్జెట్‌లో కోటి రూపాయలు కేటాయించి పది లక్షలే విడుదల చేసిన సందర్భంలో కేటాయింపు ఒక్కటే అడిగిన సభ్యునికి ఘనమైన జవాబు వస్తుంది, ఊరికి రోడ్డు రాదు. కాంట్రాక్టర్‌కు చెల్లించవలసిన బిల్లుల బకాయి ఎంత అన్న ప్రశ్నను తప్పకుండా చేర్చాలి, ఎందుకంటే సగంలో ఆగిన పనుల వెనుక తరచుగా కనిపించే కారణం అదే.

తాగునీటి విషయంలో కనెక్షన్ ఇవ్వడం వేరు, నీరు రావడం వేరు. కనెక్షన్ల సంఖ్యతో పాటు గత మూడు నెలల్లో ఎన్ని రోజులు, రోజుకు ఎంతసేపు సరఫరా జరిగింది, నీటి నమూనాలను ఏ తేదీల్లో పరీక్షించారు, ఫలితాలు ఏమిటి అని అడగాలి. పాఠశాలల విషయంలో జిల్లా సగటు మోసపుచ్చుతుంది: పట్టణంలో ఉపాధ్యాయులు ఎక్కువగా ఉండి, మారుమూల ఊళ్లలో ఒక్కరే ఉన్నా సగటు ప్రమాణానికి సరిపోయినట్లే కనిపిస్తుంది. కాబట్టి ఒకే ఉపాధ్యాయుడు ఉన్న పాఠశాలలు ఎన్ని, అవి ఏవి, వాటిలో పిల్లలు ఎందరు అని మండలవారీగా అడగాలి. అయితే రాష్ట్రమంతటికీ పదేళ్ల సమాచారం కోరితే దాన్ని సేకరించే శ్రమకు తగిన ప్రయోజనం లేదన్న కారణంతో ప్రశ్న వెనక్కి రావచ్చు. ఒక జిల్లా, మూడేళ్లు అన్న హద్దు పెట్టుకుంటే పట్టిక వస్తుంది, ఆ పట్టికే అసలు సంపద.

మరికొన్ని నియమాలను క్లుప్తంగా చెబుతాను. లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం, ఊహాజనితమైన విషయం, ఇదివరకే సమాధానం వచ్చిన విషయం, అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే విషయం అడగకూడదు. వీటికి నేను ఒకటి చేర్చదలచుకున్నాను: నర్సునో, ఉపాధ్యాయుణ్నో, లైన్‌మన్‌నో పేరు పెట్టి ప్రస్తావించకూడదు. సభలో అన్న మాటకు సభ్యునికి 194వ అధికరణం రక్షణ ఇస్తుంది, ఆ మాట పడిన చిరుద్యోగికి అక్కడ లేచి బదులు చెప్పే హక్కు లేదు. రోగుల పేర్లు, పిల్లల పేర్లు కూడా అంతే. పోస్టు పేరు చెబితే చాలు.

నోటీసు, ప్రశ్న రకం

వివరాలు సభ సభకూ మారతాయి, ఎందుకంటే 208వ అధికరణం ప్రకారం ప్రతి శాసనసభ తన నియమావళిని తానే రూపొందించుకుంటుంది. లోక్‌సభ పద్ధతిని నమూనాగా తీసుకుంటే, నోటీసు ఇచ్చిన రోజునూ సమాధానం చెప్పే రోజునూ మినహాయించి కనీసం 15 రోజుల వ్యవధి ఉండాలి. ఒక రోజు జాబితాలో 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలకు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలకు చోటు ఉంటుంది, వాటి వరుసను లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తారు. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో సమాధానం చెబుతారు, అనుబంధ ప్రశ్నలు ఉంటాయి. రెండో రకానికి లిఖితపూర్వక సమాధానం మాత్రమే వస్తుంది. అత్యవసరమైన ప్రజా సమస్య అయితే స్వల్ప వ్యవధి ప్రశ్న ఇవ్వవచ్చు, దానికి మంత్రి అంగీకరించాలి.

నక్షత్ర గుర్తు ప్రశ్న పడలేదని నిరాశ చెందే సభ్యులు చాలామంది ఉంటారు, నా దృష్టిలో ఆ నిరాశకు ఆధారం లేదు. గంట వ్యవధిలో జాబితాలోని 20 ప్రశ్నలూ పూర్తికావడం చాలా అరుదు: 2019 నవంబర్ 27న లోక్‌సభలో అలా పూర్తయినప్పుడు, 1972 తరువాత అదే మొదటిసారి అని చెప్పుకున్నారు. చర్చకు రాని నక్షత్ర గుర్తు ప్రశ్నలకు కూడా చివరికి రాత సమాధానమే మిగులుతుంది. కనుక ఏ రకం ప్రశ్న అయినా రాత సమాధానం ఒక్కటే వచ్చినా ఊరికి ఉపయోగపడేలా దాన్ని కూర్చాలి. ఖాళీలు, నిధులు, తేదీల వంటి పట్టికలను నక్షత్ర గుర్తు లేని ప్రశ్నతో రాబట్టి, ఆ పట్టికలో కనిపించిన లోపాన్ని తరువాతి సమావేశాల్లో నక్షత్ర గుర్తు ప్రశ్నగా అడగడం మంచి వరుస. అధికార పక్ష సభ్యులు ప్రశ్నించడానికి మొహమాట పడనక్కరలేదు. తమ మంత్రి దృష్టికి రాని లోపాన్ని బయటపెట్టడం ప్రభుత్వానికి కూడా మేలే.

సభలో, అనుబంధ ప్రశ్న వేళ

సమాధానం ప్రతి ముందుగా చేతికి వస్తుంది. వచ్చిన వెంటనే దాన్ని ఫైలులోని వివరాలతో పోల్చి చూడాలి. అడిగిన అయిదు భాగాల్లో ఏ భాగానికి జవాబు లేదో, ఏ తేదీ దాటవేశారో, ఏ అంకె మీరు చూసినదానితో సరిపోలడం లేదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. అనుబంధ ప్రశ్న ఆ గుర్తుల్లోంచే పుట్టాలి. మూల సమాధానంతో సంబంధం లేని కొత్త విషయాన్ని తెస్తే స్పీకర్ అనుమతించరు, మంత్రి కూడా ‘ప్రత్యేకంగా ప్రశ్న వేస్తే సమాచారం ఇస్తాను’ అని కూర్చుంటారు.

ప్రతి సమాధానానికీ ఎదురుకాగల రెండు మూడు రూపాలను ముందే ఊహించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అనుబంధ ప్రశ్న రాసి పెట్టుకోవాలి. ‘ప్రతిపాదన పరిశీలనలో ఉంది’ అని వస్తే, ఆ ప్రతిపాదన జిల్లా నుంచి సచివాలయానికి ఏ తేదీన చేరింది, ప్రస్తుతం ఏ శాఖ వద్ద ఉంది అని అడగాలి. ‘నిధుల లభ్యతను బట్టి చేపడతాం’ అని వస్తే, ఈ ఆర్థిక సంవత్సరంలో అదే పద్దు కింద ఎంత విడుదల చేశారు, ఏ ప్రాతిపదికన పనులను ఎంపిక చేశారు అని అడగాలి. ‘సమాచారం సేకరిస్తున్నాం’ అని వస్తే, ఎప్పటిలోగా సభ ముందుంచుతారో తేదీ చెప్పమని కోరాలి. ‘చర్యలు తీసుకున్నాం’ అని వస్తే, ఏ ఉత్తర్వు ద్వారా, ఏ తేదీన అని అడగాలి. వీటిలో ఏదీ ఒకటి రెండు వాక్యాలు దాటదు. మూడు ప్రశ్నలను ఒకే ఊపిరిలో అడిగితే మంత్రి వాటిలో తేలికైనదాన్ని ఎంచుకుని, దానికే విస్తారంగా జవాబు చెబుతారు. ప్రశ్నకు ముందు ఉపన్యాసం ఇచ్చే సభ్యునికి ఉపన్యాసమే జవాబుగా వస్తుంది.

పక్క నియోజకవర్గాల సభ్యులతో ముందుగా మాట్లాడుకోవడం కూడా అవసరం. అదే జిల్లాలో అదే ఖాళీలు, అవే బకాయిలు ఉన్న సభ్యులు ఇద్దరు ముగ్గురు వేర్వేరు కోణాల నుంచి అనుబంధ ప్రశ్నలు వేస్తే, అది ఒక ఊరి సమస్య స్థాయి నుంచి ప్రభుత్వ విధానం స్థాయికి చేరుతుంది. పార్టీలు వేరైనా ఈ పని కలిసి చేయవచ్చు, చేయాలి. సమాధానం అసంపూర్ణంగా మిగిలి, విషయం ప్రజలకు ముఖ్యమైనదైతే లోక్‌సభలో 55వ నియమం కింద అరగంట చర్చ కోరే వీలుంది, రాష్ట్ర సభల్లో దానికి సమానమైన ఏర్పాటు ఏదో శాసనసభ సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

సమాధానం వచ్చిన తరువాత

చాలా ప్రశ్నలు ఇక్కడే అనాథలవుతాయి. సభలో అడిగారు, పత్రికలో వచ్చింది, అక్కడితో పని ముగిసిందనుకుంటారు. మంత్రి చెప్పిన సమాధానాన్ని వారం రోజుల్లోగా ఆ ఊరికి తీసుకువెళ్లి, అంకె అంకెనూ సరిచూడాలి. ఇద్దరు నర్సులు పనిచేస్తున్నారని సమాధానంలో ఉంటే ఆ ఇద్దరూ అక్కడ ఉన్నారా అని చూడాలి. సమాధానం ప్రతిని పంచాయతీ కార్యాలయంలో, ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో, పాఠశాల యాజమాన్య కమిటీలో అందజేయాలి. ఫిర్యాదు తెచ్చిన వారికి మాత్రం తప్పకుండా ఒక ప్రతి ఇవ్వాలి. ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఏమి చెప్పిందో తెలిసిన ఊరు, ఆ మాట నిలబడిందో లేదో తానే గమనిస్తుంది.

సమాధానంలో తప్పు ఉందని రుజువైతే కోపంతో పత్రికలకు ఎక్కే ముందు స్పీకర్‌కు రాయాలి. లోక్‌సభలో మంత్రి ప్రకటనలోని పొరపాటును ఎత్తిచూపడానికి స్పీకర్ ఆదేశాల్లో 115వ ఆదేశం కింద పద్ధతి ఉంది. తప్పును సరిదిద్దుకునే అవకాశం మంత్రికి కూడా ఉంది, నిజాయతీగా సరిదిద్దినవారి మాటను హుందాగా స్వీకరించాలి. సభను ఉద్దేశపూర్వకంగా తప్పుదోవ పట్టించారనడానికి బలమైన ఆధారం ఉన్నప్పుడే హక్కుల ఉల్లంఘన నోటీసు దాకా వెళ్లాలి.

మంత్రి ఇచ్చిన మాటలను ఒక రిజిస్టరులో ప్రశ్న సంఖ్య, తేదీ, ఇచ్చిన మాట, గడువు అన్న నాలుగు గడులతో రాసుకోవాలి. ఇందుకోసమే చట్టసభల్లో ప్రభుత్వ హామీల కమిటీలు ఉన్నాయి. లోక్‌సభలో ఈ కమిటీ 1953లో ఏర్పడింది, అక్కడ ఇచ్చిన హామీని మూడు నెలల్లోగా నెరవేర్చాలి లేదా గడువు పొడిగింపు కోరాలి. ‘పరిశీలనలో ఉంది’, ‘విచారిస్తాను’ వంటి మామూలు మాటలను కూడా లోక్‌సభ కమిటీ హామీలుగానే లెక్కిస్తుందన్న సంగతి కొత్త సభ్యులు గుర్తుంచుకోవాలి. తప్పించుకోవడానికి వాడినట్లు కనిపించే మాటే కమిటీ ముందు ప్రభుత్వాన్ని నిలబెట్టే ఆధారం అవుతుంది. మీ సభలో కమిటీ ఆ హామీని నమోదు చేసిందో లేదో కనుక్కుని, చేయకపోతే రాసి పంపాలి.

పట్టువదలకుండా అడిగిన ప్రశ్న ఎంత దూరం వెళ్తుందో 1957 నాటి ఉదంతం చెబుతుంది. జీవిత బీమా సంస్థ పెట్టుబడులపై లోక్‌సభలో వచ్చిన మొదటి సమాధానాలతో సభ్యులు తృప్తిపడలేదు. ఫిరోజ్ గాంధీ వివరాలు సేకరించి ఆ విషయాన్ని మళ్లీ లేవనెత్తారు. ఛాగ్లా కమిషన్ విచారణ జరిగి, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. స్థానిక సేవల విషయంలో ఎవరి రాజీనామా అక్కరలేదు, డాక్టరు వస్తే చాలు, నీళ్లు వస్తే చాలు. కానీ పద్ధతి అదే: మొదటి సమాధానాన్ని పత్రాలతో పోల్చడం, తేడాను పట్టుకోవడం, మళ్లీ అడగడం.

మళ్లీ అడిగేటప్పుడు పాత ప్రశ్ననే తిరిగి రాస్తే ‘ఇదివరకే సమాధానం ఇచ్చాం’ అన్న అభ్యంతరం వస్తుంది. అందుకని కొత్త ప్రశ్నను పాత సమాధానం మీద నిలబెట్టాలి: ‘ఫలానా తేదీన ఫలానా సంఖ్య గల ప్రశ్నకు ఇచ్చిన సమాధానంలో పేర్కొన్న విధంగా, ఫలానా ఆరోగ్య కేంద్రంలో వైద్యుల నియామకం ఏ తేదీన పూర్తయింది, పూర్తికాకపోతే ఏ దశలో ఉంది, సవరించిన గడువు ఏది?’ ఈ రూపంలో అడిగిన ప్రశ్న పునరుక్తి కాదు కనుక ఆ అభ్యంతరానికి తావుండదు. నోటీసుతో పాటు పాత సమాధానం ప్రతిని జతచేసి, సమావేశాల తేదీలు వెలువడిన రోజునే శాసనసభ సచివాలయంలో అందజేయాలి.